'టేక్': ఒక చిన్న క్రియ వెనుక ఉన్న చరిత్ర

పరిచయం

పుస్తకం తీసుకోవడం, మందు వేసుకోవడం, ఫోటో తీయడం, బస్సులో వెళ్లడం, పరీక్ష రాయడం: తెలుగులో ఇవి వేరువేరు క్రియలు. ఇంగ్లీషులో అన్నింటికీ 'టేక్' సరిపోతుంది. ఇంత వాడుకలో ఉన్న మాట ఆ భాషలో మొదటినుంచీ ఉందని మీరు అనుకోవచ్చు. కాని అది అరువు మాట. శాసనాలు, నాణేల లాగే మాటలు కూడా చారిత్రక ఆధారాలే. ఈ క్రియను అలాంటి ఆధారంగా పరిశీలిద్దాం.

పాత క్రియ

ప్రాచీన ఇంగ్లీషులో 'తీసుకొను' అనే అర్థానికి 'నిమన్' అనే క్రియ ఉండేది. జర్మన్ భాషలో దాని సోదర పదం 'నేమెన్' నేటికీ వాడుకలో ఉంది. ఇంగ్లీషులో మాత్రం దాని ఆనవాళ్లే మిగిలాయి. తిమ్మిరి పట్టిన స్థితిని తెలిపే 'నమ్' అన్న మాటకు మూలార్థం 'పట్టుబడిన' అని. చురుకుదనాన్ని తెలిపే 'నింబుల్' కూడా ఈ ధాతువు నుంచే వచ్చింది.

కొత్త క్రియ రాక

క్రీ.శ. 793లో వైకింగులు లిండిస్‌ఫార్న్ మఠంపై దాడి చేశారు. 865లో పెద్ద సైన్యంతో వచ్చి, మరుసటి ఏడాది యార్క్‌ను ఆక్రమించారు. 878లో ఆల్‌ఫ్రెడ్ రాజు చేతిలో ఓడినప్పటికీ ఉత్తర, తూర్పు ఇంగ్లండులో వ్యవసాయదారులుగా స్థిరపడ్డారు. డెర్బీ, విట్‌బీ వంటి ఊళ్ల పేర్ల చివర ఉన్న 'బీ' వారి భాషలో ఊరు, పొలం ఇల్లు అని అర్థమిచ్చే మాటే. వారి 'టాకా' అనే క్రియే నేటి 'టేక్'. తాకడం, పట్టుకోవడం దాని తొలి అర్థాలు. మధ్య ఇంగ్లీషు కాలం ముగిసేసరికి అది 'నిమన్'ను దాదాపు పూర్తిగా తొలగించింది.

చారిత్రక ప్రాముఖ్యం

భాషలు నామవాచకాలను సులభంగా అరువు తెచ్చుకొంటాయి. నిత్యవాడుకలోని క్రియలను అంత సులభంగా తెచ్చుకోవు. తెలుగునే చూడండి. పారసీకం, ఉర్దూల ద్వారా వచ్చిన 'జమ', 'దాఖలు' వంటి మాటలకు మనం 'చేయు' అనే మన క్రియనే చేర్చుకొన్నాం.

1066 తరువాత నార్మన్ పాలకుల ఫ్రెంచి నుంచి వేలాది మాటలు ఇంగ్లీషులో చేరాయి. కాని 'వారు' అనే అర్థంగల 'దే' అనే సర్వనామాన్ని, 'టేక్' క్రియను ఇచ్చింది వైకింగులే. ఆజ్ఞలు, శిస్తుల ద్వారా ఇటువంటి మాటలు రావు. పక్కపక్క ఇళ్లలో, సంతల్లో, వివాహ సంబంధాల్లో రోజూ కలిసి మాట్లాడుకొన్నప్పుడే వస్తాయి. సన్యాసులు రాసిన వృత్తాంతాల్లో ప్రధానంగా దోపిడీలు, యుద్ధాలే కనిపిస్తాయి. ఆ తరువాత సాగిన సహజీవనానికి ఈ క్రియ సాక్ష్యం.

అర్థ విస్తరణ

తాకడం నుంచి పట్టుకోవడం, దాని నుంచి స్వీకరించడం, మోసుకుపోవడం, వ్యవధి అవసరం కావడం వరకు 'టేక్' అర్థాలు విస్తరించాయి. ఇది మనకు వింత కాదు. చేతితో 'పట్టు' అన్న క్రియతోనే 'రెండు గంటలు పట్టింది' అని మనమూ అంటాం.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

నార్మన్ల అరువు పదాలకూ, వైకింగుల అరువు పదాలకూ గల తేడా ఆ రెండు సమాజాల సంబంధాల గురించి ఏమి తెలుపుతుంది? పది వాక్యాలలో రాయండి.