గ్లైకోజెన్ సింథేజ్ కైనేజ్-3

గ్లైకోజెన్ సింథేజ్ కైనేజ్-3 (జీఎస్‌కే-3): ఇన్సులిన్ సంకేతానికి లోబడే ఎంజైమ్. 1980లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ కోహెన్ బృందం దీన్ని గుర్తించింది. ఆల్ఫా, బీటా అని రెండు రూపాలు.

చాలా కైనేజ్‌లు (ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌లు) సంకేతం అందాకే పనిలో దిగుతాయి. దీని తీరు వేరు. ఇన్సులిన్ లేనప్పుడే చురుగ్గా ఉండి, గ్లైకోజెన్‌ను తయారుచేసే గ్లైకోజెన్ సింథేజ్‌కు ఫాస్ఫేట్లు తగిలించి దాని వేగం తగ్గిస్తుంది. ఇన్సులిన్ తన గ్రాహకాన్ని చేరగానే పీఐ-3 కైనేజ్ కణపొరలో పిప్-3 అనే కొవ్వు అణువును తయారుచేస్తుంది. దాన్ని పట్టుకుని అక్కడికి చేరిన ఏకేటీ ఎంజైమ్ ఉత్తేజితమై, జీఎస్‌కే-3 బీటాలో 9వ స్థానంలోని సెరీన్‌కు (ఆల్ఫాలో 21వ స్థానం) ఫాస్ఫేట్ కలుపుతుంది. అసలు విశేషం ఇక్కడే ఉంది. జీఎస్‌కే-3 సాధారణంగా ముందే ఒక ఫాస్ఫేట్ తగిలిన ప్రోటీన్లనే ఎంచుకుంటుంది. ఇప్పుడు ఏకేటీ కలిపిన ఫాస్ఫేట్‌తో దాని సొంత కొసే వెనక్కి వంగి, ఆ ప్రోటీన్ కూర్చోవలసిన గుంటలో తాళంలో విరిగిన తాళంచెవిలా ఇరుక్కుంటుంది. దాంతో ఫాస్ఫటేజ్‌లు సింథేజ్ మీది ఫాస్ఫేట్లను తొలగిస్తాయి. గ్లూకోజ్ గ్లైకోజెన్‌గా నిల్వ చేరుతుంది.

వింట్ సంకేత మార్గంలోనూ ఇదే ఎంజైమ్ పనిచేస్తుంది. అయితే అక్కడ యాక్సిన్ అనే ప్రోటీన్‌తో జతకట్టిన జీఎస్‌కే-3 జోలికి ఇన్సులిన్ పోదు. మానసిక చికిత్సలో వాడే లిథియం ఈ ఎంజైమ్‌ను నేరుగా అడ్డుకుంటుందని 1996లో తేలింది.