ఇంటి దగ్గరి గుడ్లగూబను ఫొటో తీయాలంటే..

మన ఊళ్లలో ఇళ్ల మధ్య ఎక్కువగా కనిపించే చిన్న గుడ్లగూబను ఇంగ్లీషులో స్పాటెడ్ ఔలెట్ అంటారు. దీని శాస్త్రీయనామం అథీన్ బ్రామా. పొడవు సుమారు 21 సెంటీమీటర్లు, అంటే దాదాపు గోరింకంత. గోధుమరంగు ఒంటిపై తెల్ల చుక్కలు, పసుపు కళ్లు ఉంటాయి. ముసలి చెట్ల తొర్రల్లో, పాత గోడల కంతల్లో జంటగా కాపురముంటుంది. పురుగులు, చిన్న ఎలుకలు దీని ఆహారం. హృదయాకారపు తెల్లని ముఖం ఉన్న పెద్ద గుడ్లగూబ వేరే జాతి. దాన్ని బార్న్ ఔల్ అంటారు.

ఎప్పుడు కనిపిస్తుంది?

ఈ చిన్న గుడ్లగూబ పగలు కూడా తొర్ర ముందు కూర్చుని ఎండ కాగుతుంది. ఉదయం, పొద్దు వాలే ముందు వెలుతురు మెత్తగా ఉంటుంది కాబట్టి ఫొటోకు అదే మంచి సమయం. చీకటి పడ్డాక వీధి దీపాల దగ్గర పురుగులు పట్టుకుంటుంది.

భయపడుతోందా? చూసుకోండి

మనుషుల మధ్య ఉంటుంది కదా అని దానికి మనమంటే భయం లేదనుకోవద్దు. కళ్లు సగం మూసుకుని కూర్చున్నా, ఈకలు సర్దుకుంటున్నా నిశ్చింతగా ఉన్నట్టు. తల పైకీ కిందికీ ఊపుతూ మిమ్మల్నే గుడ్లప్పగించి చూస్తుంటే మాత్రం దగ్గరకొచ్చేశారని అర్థం. అక్కడే ఆగి, మెల్లగా వెనక్కి రండి.

ఫొటో ఎలా తీయాలి?

కెమెరా అయితే 300 ఎంఎం లేదా అంతకన్నా ఎక్కువ లెన్స్ వాడండి. ఫోన్ అయితే చెట్టు, గోడ కూడా కలిపి తీయండి, అది ఎక్కడ బతుకుతోందో తెలుస్తుంది. కిటికీలోంచో, మేడ మీంచో తీస్తే ఇంకా మంచిది. ఫోకస్ కళ్ల మీద పెట్టండి. క్లిక్ శబ్దం, ఫ్లాష్ రెండూ ఆపేయండి.

ఈ పనులు వద్దు

రాళ్లు విసిరి లేపడం, ఫోన్‌లో దాని కూత వినిపించి పిలవడం, తొర్రకు అడ్డమున్న కొమ్మలు నరకడం చేయొద్దు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు, పిల్లల కాలం కాబట్టి తొర్ర దగ్గరకే పోవద్దు. రెక్కలొచ్చిన పిల్ల కింద కనిపిస్తే ఇంటికి తెచ్చుకోకండి. తల్లిదండ్రులు దగ్గర్లోనే ఉండి మేపుతుంటాయి. పిల్లినీ కుక్కనీ దూరంగా ఉంచితే చాలు.

చోటు చెప్పకండి

గుడ్లగూబను మన్హూస్ అని తరిమేవాళ్లు ఉన్నారు, క్షుద్రపూజల కోసం పట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు. దీపావళికి ముందు ఈ వ్యాపారం పెరుగుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గుడ్లగూబలను పట్టడం, చంపడం, అమ్మడం నేరం. మీ ఫొటోలో వీధి పేరో, మసీదు మినారో కనిపిస్తే పట్టేవాడికి దారి చూపినట్టే. వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టేముందు లొకేషన్ తీసేయండి. ఎవరైనా వలతో తిరుగుతుంటే వెంటనే అటవీశాఖకు చెప్పండి.