‘పండోరా’: ప్రమాదం కన్నా ముందే మొదలైన దాపరికం

2016 డిసెంబర్ 7న దక్షిణ కొరియా థియేటర్లలో ‘పండోరా’ విడుదలైంది. మరో రెండు రోజులకే అక్కడి పార్లమెంటు అధ్యక్షురాలు పార్క్ గున్ హేపై అభిశంసన తీర్మానాన్ని ఆమోదించింది. 2014లో సెవోల్ నౌక మునిగి మూడు వందల మందికి పైగా, వారిలో అత్యధికులు పాఠశాల విద్యార్థులు, జలసమాధి అయిన నాటి నుంచి ప్రభుత్వ మాటపై జనానికి నమ్మకం సడలుతూనే ఉంది. పార్క్ జంగ్ ఊ దర్శకత్వం వహించిన ఈ చిత్రం ఆ అపనమ్మకానికే తెర రూపం.

కథ సరళమైనది. భూకంపం వస్తుంది. కాలం చెల్లిన అణు విద్యుత్కేంద్రం దెబ్బతింటుంది. పాలకులు సమాచారాన్ని తొక్కిపెడతారు. చివరికి ప్రాణాలు పణంగా పెట్టేది కార్మికులే. చిత్రీకరణ 2015లోనే ముగిసింది. విడుదలకు మూడు నెలల ముందు, 2016 సెప్టెంబర్ 12న, గ్యోంగ్జు ప్రాంతాన్ని 5.8 తీవ్రతతో భూకంపం కుదిపేసింది. కొరియాలో పరికరాలతో కొలతలు మొదలయ్యాక నమోదైన అతి పెద్ద భూకంపం అదే. ఆ ప్రాంతంలోనే ఉన్న వోల్సంగ్ అణు కేంద్రంలో రియాక్టర్లను తనిఖీ కోసం ఆపవలసి వచ్చింది.

అయితే కొరియన్లను కలవరపెట్టింది భూకంపం ఒక్కటే కాదు. బుసాన్ చెంతనున్న కోరి-1 దేశంలో తొలి వాణిజ్య రియాక్టర్. 1978లో, పార్క్ చుంగ్ హీ నియంతృత్వ కాలంలో, అది ఉత్పత్తి ప్రారంభించింది. ముప్ఫై ఏళ్ల గడువు 2007లో ముగిస్తే, మరో పదేళ్లు పొడిగించారు. 2012 ఫిబ్రవరి 9న మరమ్మతుల వేళ ఆ కేంద్రానికి బయటి విద్యుత్తు నిలిచిపోయింది. అత్యవసర డీజిల్ జనరేటర్ పనిచేయలేదు. పన్నెండు నిమిషాలు కేంద్రం చీకట్లో ఉంది. ఫుకుషిమా దుర్ఘటన జరిగి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. అయినా బాధ్యులు ఆ విషయాన్ని నెల రోజులు దాచారు. భోజనశాలలో ఎవరో మాట్లాడుకుంటుండగా ఒక నగర కౌన్సిలర్ చెవిన పడి, ఆయన ఆరా తీస్తే గాని అది లోకానికి తెలియలేదు. అదే ఏడాది, ఆ మరుసటి ఏడాది విడిభాగాల నాణ్యతకు నకిలీ ధ్రువపత్రాలు ఇచ్చారని బయటపడి, పలు రియాక్టర్లు మూతపడ్డాయి.

కనుక తెర మీది కథను అతిశయోక్తి అని అణుశాస్త్రవేత్తలు కొట్టిపారేసినా ప్రేక్షకులు వినలేదు. వారి వాదనలో పస లేకపోలేదు. రియాక్టర్ల రక్షణ వ్యవస్థలను సినిమా తన నాటకీయతకు తగ్గట్టు మలచుకుంది. కానీ దాచే అలవాటును సినిమా కల్పించలేదు. నిజం చెప్పవలసిన చోట మౌనం వహించినవారి శాస్త్రీయ వివరణను జనం ఎందుకు నమ్మాలి?

2017 జూన్‌లో కోరి-1 శాశ్వతంగా ఆగిపోయింది. కొత్త అధ్యక్షుడు మూన్ జే ఇన్ అక్కడే నిలబడి అణు విద్యుత్తు నుంచి వైదొలుగుతామని ప్రకటించారు. అంతకు ముందే ఆయన ఈ చిత్రం చూశారు. సినిమాయే విధానాన్ని మార్చిందని ఆయన విమర్శకులు ఎద్దేవా చేశారు. కానీ తరువాతి ఘట్టం ఆ విమర్శకు లొంగదు. సగంలో ఉన్న షిన్ కోరి 5, 6 రియాక్టర్ల భవితవ్యాన్ని ప్రభుత్వం 471 మంది పౌరుల ముందుంచింది. ఇరు పక్షాల వాదనలు విని, చర్చించి, అక్టోబర్‌లో వారిలో 59.5 శాతం మంది నిర్మాణం కొనసాగించమన్నారు. అదే సమయంలో 53.2 శాతం మంది మున్ముందు అణు విద్యుత్తు వాటా తగ్గాలన్నారు. ఇది భయపడిన గుంపు ఇచ్చే తీర్పు కాదు.

2022లో యూన్ సుక్ యోల్ ప్రభుత్వం మూన్ విధానాన్ని తిరగదోడింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా అణు విధానం మారవచ్చు. వాడిన ఇంధనానికి శాశ్వత నిల్వ స్థలం ఎక్కడన్న ప్రశ్న మాత్రం ఏ ప్రభుత్వానికీ తప్పలేదు. ‘పండోరా’లో అసలు ముప్పు ఆ ఇంధనం నిల్వ ఉన్న కొలనులోనే పొంచి ఉంటుంది. అణుశక్తి కావాలా, వద్దా అన్నది చర్చనీయం. ఆ చర్చకు కావలసిన వాస్తవాలు భోజనశాలల్లో చెవిన పడితే తప్ప పౌరులకు అందకపోవడం మాత్రం ఏ ప్రజాస్వామ్యానికీ సమ్మతం కాదు.