హెరిడిటరీ స్ఫెరోసైటోసిస్

ఎర్ర రక్తకణం పైపొరలోని లోపంతో వంశంలో వచ్చే రక్తహీనత. బెల్జియం వైద్యులు వాన్లెయిర్, మాసియస్ 1871లో దీన్ని వర్ణించారు. పొరను లోపలి అల్లికకు పట్టి ఉంచే యాంకిరిన్, స్పెక్ట్రిన్, బ్యాండ్ 3 వంటి ప్రొటీన్లు తగ్గితే పొర కొద్దికొద్దిగా ఊడిపోయి, నడుమ నొక్కుకుని ఉండాల్సిన కణం గోలీలా గుండ్రమవుతుంది. ప్లీహంలోని ఇరుకు సందుల్లో వంగలేక, 120 రోజులు బతకాల్సింది ముందే నశిస్తుంది. ఫలితం పచ్చకామెర్లు, పిత్తాశయంలో రాళ్లు. పసరు మందులతో సరిపెట్టుకునే ఇళ్లలో అసలు జబ్బు ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు.

జబ్బును గుర్తించే పాత ఆస్మాటిక్ ఫ్రెజిలిటీ పరీక్షకు తేలికపాటి కేసులు దొరక్కపోవచ్చు. ఇయోసిన్-5-మాలిమైడ్ పరీక్ష అంతకన్నా నమ్మదగినది: ప్రధానంగా బ్యాండ్ 3కి అతుక్కునే ఆ రంగు, రోగి కణాలపై మసకగా వెలుగుతుంది. ఈ పరీక్షను ఢిల్లీ ఎయిమ్స్ హెమటాలజీ పరిశోధకులు పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. జబ్బు తీవ్రమైతే, ముందు న్యుమోకోకల్ టీకా వేసి ప్లీహాన్ని తొలగిస్తారు.