అనుమతి ఎవరి చేతిలో ఉంది?

ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి స్థూపం ఫోటో కింద నేను రాసిన నాలుగు వాక్యాలను ఆ మధ్య ఒక సామాజిక మాధ్యమం తొలగించింది. "మా ప్రమాణాలకు విరుద్ధం" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఏ వాక్యం, ఏ ప్రమాణం, నిర్ణయించింది మనిషా యంత్రమా అన్నది చెప్పలేదు. ఇది నా సొంత ఫిర్యాదు మాత్రమే అయితే ఇక్కడ రాయవలసిన పనిలేదు. కాని కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల్లో మాటకు అనుమతి ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న చాలా పాతది. ఆ చరిత్రను పక్కన పెడితే నేటి పరిస్థితి అర్థం కాదు.

నిజాం పాలనలో గస్తీ నిషాన్ 53 ప్రకారం సభ జరపాలంటే ముందుగా అనుమతి కావాలి. 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలో జరిగిన నాలుగవ ఆంధ్ర మహాసభ కూడా ఆ ఆంక్షల కాలంలో జరిగినదే. ఊళ్లోనైతే గస్తీ కాగితంతో కూడా పనిలేదు. గడీ ముందు ఎవరు మాట్లాడాలో, ఎవరు చేతులు కట్టుకొని వినాలో దొర నిర్ణయించేవాడు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో వేలాది రైతుకూలీలు ఊరేగింపుగా కదిలినప్పుడు బద్దలైంది ఈ మౌనమే. అక్టోబరులో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజన రైతుకూలీ సంఘం తలపెట్టిన సభకు ఇచ్చిన అనుమతిని రద్దు చేశారు. ఆ సంగతి తెలియక గూడేల నుంచి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన మృతుల సంఖ్య 13. పౌరహక్కుల వారు చెప్పినది అంతకు ఎన్నో రెట్లు.

ఈ ఘట్టాలన్నిటిలో కాదన్నవాడు ఎవరో ప్రజలకు తెలుసు. తర్వాతి కాలంలో వచ్చిన మార్పు ఇక్కడే ఉంది. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలను ఆపింది కేబుల్ పంపిణీదారులు. చానల్ నడిపేవాడు ఒకడు, దాన్ని ఇంటికి చేర్చే తీగ మరొకడిది. తీగ గలవాడు తలచుకుంటే చానల్ ఉండీ లేనట్టే.

నేటి సామాజిక మాధ్యమాలలో ఈ అధికారం ఇంకా పెద్దది. 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు ట్విట్టర్‌ను కొన్నాడు. డిసెంబరులో, తన విమాన ప్రయాణాల వివరాల వివాదం గురించి రాసిన పలువురు పాత్రికేయుల ఖాతాలను ఆ సంస్థ కొద్ది రోజులు నిలిపివేసింది. కొన్నవాడే తీర్పరి అయ్యాడు.

అయితే తొలగింపు ఒక్కటే ప్రమాదమని అనుకుంటే పొరపాటు. 2020 ఆగస్టులో వాల్‌స్ట్రీట్ జర్నల్ ఒక కథనం ప్రచురించింది. హైదరాబాదుకు చెందిన శాసనసభ్యుడు టి. రాజాసింగ్ పేరుతో ఉన్న విద్వేష రాతల మీద చర్య తీసుకోవాలని ఫేస్‌బుక్ సిబ్బంది అభిప్రాయపడితే, వ్యాపారం దెబ్బతింటుందని భారతదేశంలోని విధాన అధికారి అడ్డుపడ్డారన్నది దాని సారాంశం. ఆ పేజీలు తనవి కావని రాజాసింగ్, తాము పక్షపాతం చూపమని సంస్థ అన్నారు. సెప్టెంబరులో సంస్థ ఆయనను నిషేధించింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ జియో ప్లాట్‌ఫామ్స్‌లో 43,574 కోట్ల రూపాయలు పెట్టడానికి ఒప్పందం చేసుకున్నది. ఇంత పెట్టుబడి ఉన్న చోట వ్యాపార ప్రయోజనాన్ని పక్కన పెట్టి మాటను తూచగలరా అన్నది అడగవలసిన ప్రశ్న.

ఒకచోట నోరు నొక్కడం, మరొకచోట విద్వేషాన్ని ఉండనివ్వడం పైకి విరుద్ధంగా కనిపిస్తాయి. వాస్తవానికి రెండూ జవాబుదారీ లేని ఒకే అధికారానికి రెండు ముఖాలు. అందుచేత "ఏదీ తొలగించవద్దు" అనడం మన నినాదం కాజాలదు. దళితుల మీద, ముస్లింల మీద, స్త్రీల మీద విషం చిమ్మే రాత కూడా వాక్ స్వాతంత్ర్యమేనని మనం ఎలా అనగలం? తాళంచెవి ప్రభుత్వానికి ఇవ్వడమూ పరిష్కారం కాదు. ఆ తాళంచెవి ఏం చేసిందో ఇంద్రవెల్లి చూసింది. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టివేయవలసి రావడం ఎందుకో మరిచిపోరాదు.

రచయితలు అడగవలసింది స్పష్టమే. తొలగించిన ప్రతిసారీ కారణం తెలుగులో రాసి చెప్పాలి. యజమానికీ ప్రభుత్వానికీ లోబడని వారి ముందు అప్పీలు ఉండాలి. నియమాలు అందరికీ ఒకే తీరుగా వర్తించాలి. అంతవరకూ మన రాతను ఇతరుల ఆవరణలో మాత్రమే దాచుకోవడం తెలివి కాదు. చిన్న పత్రికను, కరపత్రాన్ని, సభను వదలకూడదు. తొలగించిన ఆ నాలుగు వాక్యాలనూ కాగితం మీద మళ్లీ రాసి పెట్టుకున్నాను.