శెనక్కాయ ఎరుగని పరహేజ్

మా అనంతపురం ఇళ్లలో ఒంటి మీద దద్దుర్లు లేస్తే ఎవరూ కారణం వెతకరు. కారణం ముందే తయారుగా ఉంటుంది. "పిత్తి లేచింది, పరహేజ్ చెయ్యాల" అంటుంది ఇంట్లో పెద్దామె. బైంగన్ బంద్, మచ్లీ బంద్, అండా బంద్. బడేకా గోష్ అయితే మొదటిరోజే బంద్.

పోయిన ఏడాది మా చిన్నబిడ్డకు నెలల తరబడి దద్దుర్లు లేస్తుంటే మా అమ్మీ ఈ ఫెహరిస్తే చదివింది. మేం చూపించిన ఒక డాక్టరు చీటీ మీద పేరు చూసి, పిల్ల ఏం తింటుందో అడక్కుండానే, "ముందు ఆ మాంసం మానండి" అన్నాడు. మానేశాం. అమ్మీ చెప్పినవన్నీ కూడా మానేశాం. మూడు నెలలు చారన్నం తిని పదేళ్ల పిల్ల చిక్కిపోయింది. దద్దుర్లు మాత్రం పోలేదు. అప్పుడు నాకో సవాల్ పుట్టింది. ఈ ఫెహరిస్త్ ఎప్పటిది?

చాలా పాతది. యూనానీ తిబ్ ప్రకారం ఒంట్లో నాలుగు అఖ్లాత్ ఉంటాయి: ఖూన్, బల్గం, సఫ్రా, సౌదా. జాలీనూస్ నుంచి వచ్చిన ఈ ఇల్మ్‌ను బూ అలీ సీనా (980–1037) తన 'అల్ ఖానూన్'లో ఒక తర్తీబ్‌లో పెట్టాడు. వంకాయ, గొడ్డుమాంసం, మసూర్ పప్పు సౌదాను పెంచుతాయని హకీముల హిసాబు. ఆ హిసాబే తరతరాలుగా నడిచి మన నానీల నోటికి చేరింది. హకీం నబ్జ్ పట్టి, మిజాజ్ అడిగి, ఒక్కో మనిషికి ఒక్కో పరహేజ్ చెప్పేవాడు. మన ఇళ్లలో ఆ అడగడం పోయి ఫెహరిస్త్ ఒక్కటే మిగిలింది.

దీన్‌లోనూ పరహేజ్‌కు జాగా ఉంది. జబ్బు నుంచి అప్పుడే లేచిన హజ్రత్ అలీ (రజి.) ఖర్జూరాలు తింటుంటే ప్రవక్త (స.) ఆపారు. ఉమ్ముల్ మున్జిర్ (రజి.) చుకందర్, బార్లీ వండి తెస్తే, ఇది తిను, నీకు మంచిదన్నారు. అబూ దావూద్, తిర్మిజీల్లో ఉన్న హదీసు ఇది. ఒకటి తీసి ఇంకొకటి పెట్టారు. మేం పిల్ల పళ్లెంలోంచి తీశామే గానీ, దానికి బదులు ఏమీ పెట్టలేదు.

ఇక శెనక్కాయ సంగతి. అది 'ఖానూన్'లో లేదు. ఉండే వీల్లేదు కూడా. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1492లో కొలంబస్ అటు పోయిన తర్వాతే శెనక్కాయ, మిరప, టమాటా, ఆలూ మన వైపు ఖండాలకు వచ్చాయి. అప్పటికి బూ అలీ సీనా పోయి నాలుగున్నర శతాబ్దాలు దాటింది. మన పరహేజ్ రాసినప్పుడు ఈ పంటలేవీ దస్తర్ఖాన్ మీద లేవు.

మా జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. 20వ శతాబ్దం చివరికి వచ్చేసరికి కొర్ర, సజ్జ, అరిక పండిన ఎర్రనేలల్లో శెనక్కాయే పరుచుకుంది. వాన ఎగ్గొట్టి పొలం ఎండిన ఏడాది కూడా మా వంటింట్లో అది ఉంటుంది. ఇడ్లీకి చట్నీ అదే, సంగటికి ఊరుబిండి అదే, కూర మీద చల్లే పొడి అదే. ఇంతగా మనదైపోయిన దాని మీద ఎవరికి షక్ వస్తుంది?

షక్ పట్టే తరీఖా వేరే చోట తయారైంది. 1906లో వియన్నా డాక్టరు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 'అలర్జీ' అనే మాట పుట్టించాడు. 1920లలో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ఆల్బర్ట్ రో అనే డాక్టరు అలర్జీ రోగులకు కొన్ని రోజులు ఎంచుకున్న కొన్ని రకాల తిండి మాత్రమే పెట్టి, తగ్గాక ఒక్కొక్కటే తిరిగి ఇచ్చి చూశాడు. తీసేయడం మన హకీములకూ తెలుసు. తిరిగి పెట్టి గవాహీ తీసుకోవడం రో పద్ధతిలో అసలు పని.

రెండో డాక్టరమ్మ మాతో డైరీ రాయించింది. ఏం తింది, ఎన్ని గంటలకు, దద్దుర్లు ఎప్పుడు. రెండు వారాల డైరీ చూస్తే దద్దుర్లు ఎక్కువగా లేచింది పొద్దున టిఫిన్ అయిన గంటలోపు. మేం మాత్రం రాత్రి తిన్న కూర మీద ఇల్జాం వేస్తూ వచ్చాం. శెనక్కాయ ఆపాం, దద్దుర్లు ఆగాయి. రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. తర్వాత గుడ్డు, చేప, వంకాయ, గోష్ ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. గోష్ తిన్న రాత్రి మా అమ్మీ మూడుసార్లు లేచి పిల్ల వీపు చూసింది. ఏమీ లేదు.

వంకాయ కథ తలుచుకుంటే నవ్వొస్తుంది. మా ఇంట్లో వంకాయంటే బగారా బైంగన్. దాని మసాలాలో నువ్వులు, కొబ్బరి, శెనక్కాయ. పిత్తి లేచినప్పుడల్లా పట్టుబడింది బైంగన్. మసాలా సంగతి ఎవరూ అడగలేదు.

ఇది చదివి రేపే శెనక్కాయలు పారేయకండి. నెలల తరబడి లేచే దద్దుర్లలో చాలావాటికి తిండితో తాల్లూకే ఉండదు. పిల్లల తిండి తీసే ముందు డాక్టరుతో మాట్లాడండి. షక్ ఉన్న వస్తువును ఇంట్లో తినిపించి పరీక్ష చేయకండి, అది డాక్టరు ముందే జరగాలి. పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

మొన్న ఈద్‌కు అమ్మీ బగారా బైంగన్ చేసింది, నువ్వులు, కొబ్బరితోనే. "రుచి తగ్గిందిరా" అంది. పిల్ల మాత్రం రెండోసారి వేయించుకుంది.