ముల్కీ నుంచి బోనఫైడ్ దాకా

ఎడిన్‌బరోలో డాక్టరేట్ పుచ్చుకున్న ఒక బెంగాలీ యువకుడు 1870ల చివర్లో ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాడు. పేరు అఘోరనాథ్ చటోపాధ్యాయ. ఇంగ్లీషు చదువు చెప్పే విద్యాలయం పెట్టమని నిజాం ప్రభుత్వం పిలిస్తే వచ్చినవాడు. ఆయన మొదలుపెట్టిన విద్యాలయమే పెరిగి నిజాం కాలేజీ అయింది. 1883లో చాందా రైల్వే ఒప్పందాన్ని ప్రశ్నించినందుకు ఆయన్ని రాజ్యం నుంచి వెళ్లగొట్టారు, తర్వాత మళ్లీ పిలిచి కొలువిచ్చారు. సరోజినీ నాయుడు ఆయన కూతురు.

అఘోరనాథ్ ఒక్కడే వచ్చి ఉంటే అది ఒక కుటుంబం కథగా మిగిలేది. కానీ ఆ కాలంలో పై చదువులు చదివి హైదరాబాద్ కొలువుకు వచ్చినవాళ్లు చాలామంది. 1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ రెవెన్యూ, న్యాయ, విద్యా శాఖలను కొత్త పద్ధతిలో నిలబెట్టాలనుకున్నాడు. ఇంగ్లీషూ, కొత్త పాలనా పద్ధతులూ తెలిసిన మనుషులు రాజ్యంలో తగినంతమంది దొరకలేదు. లక్నో నుంచి సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ వచ్చాడు. ఉత్తరాది నుంచే మొహసిన్-ఉల్-ముల్క్ వచ్చాడు. 1884లో ఫారసీ పోయి ఉర్దూ పాలనా భాష కావడంతో ఉత్తరాది చదువరులకు హైదరాబాద్ నౌకరీ మరింత సులువైంది. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకు కడుపు మండింది. ఈ నేలవాడు ముల్కీ, బయటివాడు గైర్ ముల్కీ. దఫ్తర్లలో ఆ తేడా అప్పటి నుంచే రాజుకుంది.

హైదరాబాద్‌లో పట్టాకూ కొలువుకూ నడుమ ఎప్పుడూ ఇంకో ప్రశ్న ఉంది. నువ్వు ఎక్కడివాడివి? దానికి జవాబు వెతికే క్రమంలో ఒక విశ్వవిద్యాలయం పుట్టింది, ఒక ముఖ్యమంత్రి దిగిపోయాడు, రాజ్యాంగంలో కొత్త అధికరణాలు చేరాయి, చివరికి రాష్ట్రమే రెండయింది. ప్రతిసారీ ముందు నడిచిందీ, లాఠీలకూ తూటాలకూ ఎదురు నిలిచిందీ కాలేజీ పిల్లలే. ఖాళీలు ఎన్ని, వాటిని ఎప్పుడు నింపుతారు అన్న వాళ్ల అసలు బాధ మాత్రం ప్రతిసారీ పక్కకు పోయింది.

నిజాం కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. అంటే హైదరాబాద్ కుర్రాడు ఇక్కడ చదివినా పట్టా మద్రాసుది, పరీక్ష ఇంగ్లీషులో. గట్టెక్కేవాళ్లు కొద్దిమందే. ఈ పరిస్థితి మార్చాలని అక్బర్ హైదరీ 1917లో నిజాంకు ఒక విజ్ఞాపన సమర్పించాడు. హైదరీ కూడా బొంబాయి నుంచి వచ్చినవాడే. ముల్కీలకు విశ్వవిద్యాలయం సంపాదించిపెట్టడంలో ఒక గైర్ ముల్కీ చేయి ఉందన్న సంగతి మరిచిపోకూడదు. ఫర్మానా వచ్చింది, ఉస్మానియా పుట్టింది, 1919లో తరగతులు మొదలయ్యాయి. బోధన ఉర్దూలో. చరిత్ర నుంచి రసాయన శాస్త్రం దాకా పుస్తకాలు కావాలి కాబట్టి మౌల్వీ అబ్దుల్ హక్ ఆధ్వర్యంలో అనువాద శాఖ పెట్టారు. ఒక భారతీయ భాషలో వైద్యమూ ఇంజనీరింగూ నేర్పి పట్టా ఇవ్వవచ్చని ఉస్మానియా చూపించింది. అది చాలా పెద్ద పని. రాజ్యంలో ఎక్కువమంది ఇళ్లలో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం అన్నదీ అంతే నిజం. తెలుగు పిల్లవాడికి ఉర్దూ కూడా నేర్చుకుని అందుకోవాల్సిన చదువే.

అదే 1919లో ముల్కీ నిబంధనలు సివిల్ సర్వీసు నియమావళిలో చేరాయి. బయటి నుంచి వచ్చినవాడైతే 15 ఏళ్లు స్థిరంగా ఇక్కడ ఉండాలి, సొంత ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానని ప్రమాణపత్రం ఇవ్వాలి. అప్పుడే సర్కారు కొలువు. విశ్వవిద్యాలయం, ఉద్యోగ రక్షణ ఒకే ఏడాది అందివచ్చాయి. ఉర్దూలో తెచ్చుకున్న పట్టాకు పూర్తి విలువ దొరికే చోటు మాత్రం నిజాం సర్కారు ఒక్కటే. పట్టభద్రుడు సర్కారు కొలువు తప్ప మరో దిక్కు చూడని అలవాటు అక్కడే నాటుకుంది. అది ఇవాళ్టికీ పోలేదు.

1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను బహిష్కరించారు. వాళ్లలో ఎంతోమందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. అలా నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించినవాళ్లలో పాములపర్తి వెంకట నరసింహారావు ఒకరు. ఈ కథలో ఆయన మళ్లీ వస్తారు.

నిజాం రాజ్యాన్ని భారత్‌లో కలిపిన 1948 సెప్టెంబరు పోలీసు చర్యతో లెక్కలన్నీ మారిపోయాయి. పాలన చక్కబెట్టడానికి మద్రాసు, బొంబాయి, మధ్య పరగణాల నుంచి అధికారులు దిగారు. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. అప్పటిదాకా ఉర్దూలో చదివిన ముల్కీ పట్టభద్రుడు తన ఊళ్లోనే అనర్హుడయ్యాడు. ఇంగ్లీషు వచ్చిన కోస్తా ఆంధ్ర పట్టభద్రుడికి బడుల్లో, ఆఫీసుల్లో చోటు దొరికింది. దొంగ ముల్కీ సర్టిఫికెట్లు చేతులు మారుతున్నాయన్న ఆరోపణలు గుప్పుమన్నాయి. 1952 వేసవి దాటాక వరంగల్‌లో విద్యార్థులు కదిలారు. ఉద్యమం హైదరాబాద్ చేరింది. సెప్టెంబరు 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ పరిసరాల్లో పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. న్యాయమూర్తి పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు. అప్పటికి రాష్ట్రంలో ఎన్నికైన ప్రభుత్వం ఏర్పడి ఆరు నెలలే.

తెలంగాణవారికి ఉన్న భయాన్ని 1955లో రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ తన నివేదికలో నమోదు చేసింది. చదువులో ముందున్న ఆంధ్రులు ఉద్యోగాలన్నీ తీసుకుంటారేమోనన్న భయం అది. ఆంధ్ర, తెలంగాణలను ఒకే రాష్ట్రం చేసేందుకు 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం దానికి మందుగా వచ్చింది. తెలంగాణ కొలువులకు 12 ఏళ్ల నివాసం ఉండాలన్నారు. మరుసటి ఏడాది పార్లమెంటు చేసిన చట్టం కింద వచ్చిన నిబంధనలు దాన్ని 15 ఏళ్లు చేశాయి. కాగితం మీద రక్షణ గట్టిగానే ఉంది. ఆఫీసులో అమలు వేరు.

1969 జనవరిలో ఆ తేడా బద్దలైంది. పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టారు. నేల తెలంగాణది, అక్కడి కొలువుల్లో స్థానికులకు వాటా ఏదని నిరసన మొదలైంది. ఖమ్మంలో అన్నబత్తుల రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నాడు. మొదట అడిగింది రక్షణల అమలు. కొన్ని వారాల్లోనే అది ప్రత్యేక రాష్ట్రం డిమాండు అయింది. ప్రభుత్వం జనవరి 21న 36వ నంబరు జీవో ఇచ్చి స్థానికేతరులను వెనక్కి పంపుతామంది. మార్చి 28న సుప్రీంకోర్టు అసలు పునాదినే కొట్టేసింది. నివాసం షరతు రాష్ట్రం మొత్తానికి పెట్టవచ్చు గానీ రాష్ట్రంలో ఒక ప్రాంతానికి పెట్టడం రాజ్యాంగం ఒప్పుకోదని 1957 చట్టంలోని ఆ సెక్షన్‌ను చెల్లదంది. చట్టం తమ పక్షానే ఉందని నమ్ముకున్న పిల్లలకు కాళ్ల కింద నేల కదిలింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం (ఓయూ) తరగతులు ఆగిపోయాయి, ఒక విద్యా సంవత్సరం గంగలో కలిసింది. ఉద్యమకారుల లెక్కలో చనిపోయినవారు 369 మంది, ఎక్కువమంది విద్యార్థులే. గన్‌పార్కులో ఎక్కా యాదగిరి రావు చెక్కిన స్తూపం వాళ్లదే. పై చదువు చదివి ఒక గుమాస్తా కొలువు దొరకాలని అడిగిన తరం అది.

మూడేళ్లకు సుప్రీంకోర్టు నుంచి ఇంకో తీర్పు వచ్చింది. 1972 అక్టోబరు 3న పాత నిజాం కాలపు ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది. ఈసారి మంట అవతల అంటుకుంది. రాజధాని అందరిదీ అయినప్పుడు, అందులో గుమాస్తా పనికైనా మేం పనికిరామా అని కోస్తా, రాయలసీమ విద్యార్థులు రోడ్డెక్కారు. వాళ్ల ఆవేదనలో న్యాయం లేదనడం తప్పు. విశాఖలో, గుంటూరులో, తిరుపతిలో ఎం.ఏ. చదివినవాడికి 1956 తర్వాత సచివాలయం ఉన్న ఊరు హైదరాబాదే. ఈ జై ఆంధ్ర ఉద్యమంలోనూ కాల్పులు జరిగాయి, పిల్లలు పోయారు, ఎన్జీవోలు (నాన్ గెజిటెడ్ ఉద్యోగులు) నెలల తరబడి సమ్మె చేశారు. అప్పటి ముఖ్యమంత్రి, ఒకప్పుడు ఉస్మానియా తరిమేసిన ఆ వందేమాతరం విద్యార్థి పి.వి. నరసింహారావు. సుప్రీంకోర్టు తీర్పే తుది మాట అన్నందుకు ఆంధ్ర ప్రాంతం ఆయన మీద భగ్గుమంది. 1973 జనవరిలో పదవి వదిలారు, రాష్ట్రపతి పాలన వచ్చింది.

ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆలోచింపజేసే ఘట్టం ఆ తర్వాతిది. 1973 సెప్టెంబరు 21న ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆరు సూత్రాల పథకం ప్రకటించింది. ముల్కీ నిబంధనలు రద్దు, వాటి బదులు కింది స్థాయి కొలువుల్లో జిల్లా, జోన్ వారీగా స్థానికులకు వాటా, ఉద్యోగుల ఫిర్యాదులకు ట్రిబ్యునల్. వీటితో పాటు హైదరాబాద్‌లో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఉద్యోగ తగవు తీర్చే పత్రంలో పీజీ చదువుల విశ్వవిద్యాలయం ఒక అంశం! 32వ సవరణతో 371-డి, 371-ఇ అధికరణాలు రాజ్యాంగంలో చేరాయి. 371-ఇ ఉన్నది కేవలం ఈ విశ్వవిద్యాలయం కోసమే.

1974 అక్టోబరు 2న ఆ హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం (హెచ్‌సీయూ) మొదలైంది. సొంత భవనాలు లేవు. అబిడ్స్ దగ్గర సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌ను ఆమె కూతురు పద్మజా నాయుడు ఇచ్చేశారు. ఎడిన్‌బరో పట్టాతో కొలువుకు వచ్చిన అఘోరనాథ్ కుటుంబం నివసించిన ఇంటిలో, కొలువుల గొడవలోంచి పుట్టిన విశ్వవిద్యాలయం పాఠాలు చెప్పింది. తర్వాత గచ్చిబౌలిలో 2,300 ఎకరాలకు పైగా నేలలోకి మారింది. మొదటి మూడు దశాబ్దాలు అక్కడ డిగ్రీ లేదు, పీజీ, పరిశోధనే. అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు 2006లో వచ్చాయి. స్థానిక కోటా లేదు, సీట్లకు పోటీ దేశం మొత్తంతో. దాని చదువు గొప్పదే, అందులో సందేహం లేదు. కానీ కొలువు అడిగిన పాల్వంచ కుర్రాడికి ఆ గేటు దూరంగానే ఉండిపోయింది.

కొలువుల సంగతి 1975 అక్టోబరు 18 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చూసుకుంది. రాష్ట్రాన్ని ఆరు జోన్లు చేశారు. జిల్లా స్థాయి గుమాస్తా కొలువుల్లో 80 శాతం, జోన్ స్థాయి నాన్ గెజిటెడ్ కొలువుల్లో 70, కొన్ని గెజిటెడ్ కొలువుల్లో 60 శాతం స్థానికులకు. స్థానికుడని తేల్చడానికి ప్రమాణపత్రం పోయి బడి రికార్డు వచ్చింది. పదో తరగతికి ముందు ఎక్కడ చదివాడన్నదే కొలమానం. రెండు తెలుగు రాష్ట్రాల్లో గ్రూప్స్ రాసిన ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు. ఎం.ఏ., పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్లు కూడా దరఖాస్తు ముందు పెట్టుకుని ఊరి బడికి బయల్దేరేవారు, అక్కడ చదివామని చూపే బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా. ఆ బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసు చుట్టూ తిరగాలి.

ఉత్తర్వు ఉల్లంఘన జరిగిందన్న ఫిర్యాదులు ఆగలేదు. స్థానికేతరులను మూడు నెలల్లో సొంత జోన్లకు పంపమని ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1985 డిసెంబరు 30న 610 జీవో ఇచ్చింది. పదహారేళ్లకు, 2001లో, అది ఎంతవరకు అమలైందో చూడమని గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. 2009 అక్టోబరులో హైదరాబాద్ పోలీసు నియామకాలకు ఫ్రీ జోన్, అంటే స్థానిక వాటా వర్తించని చోటు అని సుప్రీంకోర్టు చెప్పడంతో ఓయూ మళ్లీ రగిలింది. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న తెలంగాణ ఉద్యమ నినాదంలోని మూడు మాటల్లో పీజీ హాస్టళ్ల పిల్లల గుండెకు దగ్గరగా తగిలింది మూడోది. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. 371-డి మాత్రం రెండు రాష్ట్రాలకూ కొనసాగింది. 2018 నాటి కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు తెలంగాణలో స్థానిక వాటాను 95 శాతం చేసింది, బోనఫైడ్‌ను ఒకటి నుంచి ఏడో తరగతికి మార్చింది.

ఇక తగవు తీరినట్టే. బయటివాడితో పోటీ దాదాపు లేదు. అయినా చిక్కడపల్లి గ్రంథాలయం, అశోక్‌నగర్ కోచింగ్ గల్లీలు కొలువు పరీక్షలకు చదివేవాళ్లతో నిండే ఉన్నాయి. తెలంగాణలో మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో, రాష్ట్రం వచ్చిన ఎనిమిదేళ్లకు వచ్చింది. 503 కొలువులు. అక్టోబరు 16న జరిగిన ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 కొలువులతో కొత్త నోటిఫికేషన్, ఆ తర్వాత మళ్లీ కోర్టు వ్యాజ్యాలు, 2025 సెప్టెంబరు చివర్లో నియామక పత్రాలు. రాష్ట్రం వచ్చిన రోజు 24 ఏళ్ల ఎం.ఏ. పట్టభద్రుడికి అప్పటికి 35 ఏళ్లు.

1919 ముల్కీ నిబంధనలు, 1957 చట్టం, 1975 ఉత్తర్వు, 2018 ఉత్తర్వు అన్నీ కొలువు ఎవరికి చెందాలో చెప్పాయి. అది అవసరమే. బడి లేని ఊరి పిల్లవాడిని బడులున్న ఊరి పిల్లవాడితో నేరుగా పోటీకి దింపడం అన్యాయం. కానీ ఖాళీ అయిన కుర్చీని ఇన్ని నెలల్లో నింపి తీరాలని వీటిలో ఏదీ ప్రభుత్వాన్ని కట్టడి చేయలేదు. 2024 ఆగస్టు 2న తెలంగాణ ప్రభుత్వం శాసనసభలో జాబ్ క్యాలెండర్ ప్రకటించింది. దానికి చట్టబద్ధత ఇవ్వాలి, తేదీ తప్పితే జవాబు చెప్పే అధికారి పేరు అందులో ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రూప్స్ రాసే పిల్లలకూ ఇదే కావాలి. ఓట్లు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీవాడైనా సరే, ఈ ఒక్క సంగతి నిలదీసి అడగండి.